టేక్ అంటే తీసుకోవడమేనా?

తిరుపతిలో మా ఇంటికి సాయంత్రాలు ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ‘టేక్’ అనగానే ‘తీసుకొను’ అని అర్థం రాసుకుంటారు. అది తప్పు కాదు కానీ, ప్రతి వాక్యానికీ ఆ ఒక్క అర్థాన్నే తగిలిస్తే స్నానం తీసుకోవడం, రెండు గంటలు తీసుకోవడం వంటి అతకని మాటలు పుట్టుకొస్తాయి. నా దృష్టిలో ఈ క్రియకు అన్నిటికంటే దగ్గరి చుట్టం మన ‘పట్టు’.

మాట పుట్టుక చూసినా అలాగే తోస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన డేన్లు (డెన్మార్క్ వైపు నుంచి వచ్చినవారు) మాట్లాడిన పాత నార్సు భాషలోని ‘టాకా’ నుంచి టేక్ వచ్చింది; దానికి బంధువైన గోతిక్ (ఇంగ్లీషు, జర్మనుల కుటుంబానికే చెందిన ఒక ప్రాచీన భాష) క్రియకు ‘తాకు’ అని అర్థం. (మన ‘తాకు’తో ఈ ధ్వని సామ్యం కాకతాళీయమే.) అంతకుముందు ఇంగ్లీషులో ఈ పనికి ‘నిమన్’ అనే సొంత క్రియ ఉండేది; జర్మనులో నేటికీ వాడుతున్న ‘నేమెన్’ దానికి తోబుట్టువు. వలస వచ్చిన మాట క్రమంగా నిమన్‌ను వెళ్ళగొట్టినా, చురుకుదనాన్ని చెప్పే ‘నింబుల్’లోనూ, స్పర్శ తెలియని స్థితిని చెప్పే ‘నమ్’లోనూ దాని ఆనవాలు మిగిలింది. నమ్ అంటే మూలార్థంలో ‘పట్టుబడినది’. తిరుమల క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంటులో గంటల తరబడి మఠం వేసుకొని కూర్చున్న భక్తుడు లేవబోతూ కాలికి తిమ్మిరి పట్టిందంటాడు. రెండు భాషలూ ఒకే ఊహ చేశాయన్నది నాకు ఎప్పటికీ పాతబడని ఆనందం.

కొండకు నడిచి వెళ్ళడానికి సమయం పడుతుంది, రేణిగుంటకు బస్సు పట్టుకుంటాం. రెండు చోట్లా ఇంగ్లీషులో టేక్ సరిపోతుంది. మనవడు తాత గుణాలను పుణికిపుచ్చుకుంటే అది ‘టేక్ ఆఫ్టర్’. అయితే మాత్ర వేసుకుంటాం, తీర్థం పుచ్చుకుంటాం, ఫోటో తీస్తాం, పరీక్ష రాస్తాం, ప్రమాణం చేస్తాం. ఇన్ని క్రియల పనినీ టేక్ ఒక్కటే నెట్టుకొస్తుంది. వీటికి సూత్రం లేదు కనుక, పక్కనుండే నామవాచకంతో కలిపి నోటికి అలవాటు చేసుకోవాలి.

పిల్లలు ఎక్కువగా తడబడేది ‘బ్రింగ్’ దగ్గర. తీసుకురా, తీసుకెళ్ళు అన్నప్పుడు మనకు మొదటి భాగం ఒకటే, దిక్కు చెప్పేది చివరి క్రియ. ఇంగ్లీషులో క్రియలే వేరు. ఇంట్లో ఉన్న అమ్మ, గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలు కొని తెమ్మని ఫోనులో చెబితే బ్రింగ్; అవే పూలను ఇంటి నుంచి గుడికి పంపిస్తే టేక్.