బెజవాడ స్టేషన్లో బుడ్డోడితో ఒక పూట

రెండేళ్ల పిల్లాడికి బళ్లు చూపించాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, బెజవాడ రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫాం టికెట్ కొంటే చాలు. మనిషికి పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. పేచీలు పెట్టే వయసు పిల్లలతో అంతకు మించి ఎక్కడా నిలవలేం కూడా. దసరా, సంక్రాంతి రద్దీలో మాత్రం అటు వెళ్లొద్దు. టికెట్ ధర పెంచేస్తారు, ఒక్కోసారి అమ్మడమే ఆపేస్తారు.

మేం నలుగురం, అంటే మేమిద్దరం, వాడి నాయనమ్మ, వాడు, మాఘమాసంలో ఓ ఆదివారం పొద్దున ఆరున్నరకి ఇల్లు కదిలాం. వేసవిలో అయితే ఇంకో గంట ముందే బయల్దేరాలి. బెజవాడ ఎండ సంగతి చెప్పేదేముంది! పదింటికి వాడి నిద్రవేళ. ఆలోగా తిరుగుముఖం పట్టాలనేది ముందే అనుకున్నాం.

సంచిలో నెయ్యి వేసి మెదిపిన ఇడ్లీలు రెండు, బాగా మగ్గిన చక్కెరకేళి ఒకటి, మంచినీళ్లు, డైపర్లు మూడు, రెండు జతల బట్టలు, పల్చటి తువ్వాలు. పాలు వద్దు, విరిగిపోతాయి. చట్నీ వద్దు, చొక్కా పాడవుతుంది. ఏడుపు లంకించుకున్నాక పెడితే ఒక్క ముద్ద లోపలికి పోదు కాబట్టి స్టేషన్లోకి అడుగుపెట్టకముందే ఒక ఇడ్లీ తినిపించాం. తోపుడు బండి తేవద్దు, మెట్ల దగ్గర అదే పెద్ద బరువు. ముందుకు కట్టుకునే క్యారియర్ ఉంటే మేలు. పిల్లాడి ముంజేతి మీద పెన్నుతో మన ఫోన్ నంబరు రాయడం మర్చిపోవద్దు.

ఈ స్టేషన్లో పది ప్లాట్‌ఫాంలు. పిల్లాడికి అన్నీ చూపించాలని అటూ ఇటూ తిప్పితే వాడికి తల తిరిగిపోతుంది. ఒకచోట బెంచీ చూసుకుని కూర్చోవడమే పద్ధతి. కాలిబాట వంతెన మీద నుంచి బాగా కనబడుతుందని చాలామంది పైకి ఎక్కుతారు గానీ, వెనక జనం తోసుకుంటూ పోతుంటే చంటివాణ్ణి ఎత్తుకుని అక్కడ నిలబడటం తెలివైన పని కాదు.

ఇక్కడ అసలు చూడాల్సింది ఇంజను మార్చడం. కాజీపేట వైపు లైనూ, విశాఖ వైపు లైనూ రెండూ ఉత్తరం నుంచే స్టేషన్లోకి వస్తాయి. అందుకని సికింద్రాబాదు నుంచి వచ్చి విశాఖ పోయే బళ్లు బైపాస్ పట్టకుండా స్టేషన్లోకి వస్తే, వచ్చిన వైపుకే తిరిగి బయల్దేరాలి. ఇంజను ఒక చివర ఊడి, ఇంకో చివర ఇంజను తగులుకోవాలి. పెట్టె, ఇంజను కలిసేచోటికి కాస్త దూరంగా, పసుపు గీతకి బాగా ఇవతల నిలబడి చూపించండి. పాయింట్స్‌మన్, అంటే ఇంజన్లు విడదీసి తగిలించే రైల్వే ఉద్యోగి, కిందికి దిగి ముందు గాలిగొట్టాల కుళాయిలు కడతాడు. పచ్చరంగుది బ్రేకు గొట్టం, తెల్లది బ్రేకుల గాలి తొట్లు నింపే ఫీడు గొట్టం. వాటిని విడదీయగానే మిగిలిన గాలి ఒక్కసారి ‘ఫుస్స్’మంటుంది. తర్వాత కడ్డీ లాగితే, రెండు పిడికిళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టుండే ఇనప కొక్కెం విడిపోతుంది. అవతల చివర కొత్త ఇంజను నత్తలా వచ్చి, కాస్త దూరంలో ఆగి, మళ్లీ కదిలి ‘ఠంగ్’మని తగులుకుంటుంది. గొట్టాలు కలిపాక బ్రేకు గొట్టంలో గాలి చదరపు సెంటీమీటరుకి అయిదు కిలోల ఒత్తిడికి చేరాలి. రైల్లో గాలి ఉంటేనే బ్రేకులు వదులుతాయి, గాలి పోతే వాటంతటవే పట్టేస్తాయి. పెద్దవాళ్లకి కూడా ఇది కొత్తగానే ఉంటుంది. వాడికి మాత్రం ‘ఫుస్స్’ చాలు, ఇంటికొచ్చి వారం రోజులు అదే పాట.

పిల్లలు బెదిరేది కూతకి. అది హఠాత్తుగా వస్తేనే గుక్కపట్టి ఏడుస్తారు. సిగ్నల్ ఎరుపు నుంచి వేరే రంగుకి మారిందంటే కదలబోయే ఇంజను కూత వేస్తుందని అర్థం. అప్పుడే “నాన్నా, ఇప్పుడు కూ అంటుంది, చెవులు మూసుకుందామా?” అని చేతులు పట్టి మూయించాలి. రెండోసారికి వాడే మూసుకుంటాడు. ఆగకుండా పోయే గూడ్సు వస్తోందని మైకులో చెబితే గోడవైపు జరగండి. గాలికి దుమ్ము కంట్లో పడితే ఇక వాణ్ణి ఊరుకోబెట్టడం మనవల్ల కాదు. గూడ్సులో ఒక్కోసారి యాభై దాటి వ్యాగన్లుంటాయి. నాయనమ్మ లెక్కపెడుతుంటే మధ్యలో వాడు “రెండు, రెండు” అంటుంటాడు.

మారాం మొదలైతే ముందు చూడాల్సింది తడి, ఆకలి, ఉక్క, నిద్ర. బొమ్మ కొనిపెట్టి నోరు మూయించాలనుకోవడం మహా పొరపాటు. ప్లాట్‌ఫాం మీద అమ్మే చిన్న కార్ల చక్రాలు ఊడొస్తాయి, మూడేళ్ల లోపు పిల్లలు వాటిని నోట్లోనే పెట్టుకుంటారు. బయల్దేరే ముందు “అయిదు నిమిషాల్లో వెళదాం” అంటే వాడికి నిమిషం అంటే ఏం తెలుసు? “ఇంకో రెండు బళ్లు చూసి వెళదాం” అనాలి. రెండోదానికి టాటా చెప్పించి, అది కనుమరుగయ్యాకే లేవాలి. బండి ఎదురుగా ఉండగా ఎత్తుకుపోతే విల్లులా వెనక్కి వంగి అరుస్తాడు.

వాడింకా హుషారుగా ఉంటే పండిట్ నెహ్రూ బస్టాండు దగ్గరే, ఆటోలో వెళ్లొచ్చు. పల్లెవెలుగు, సూపర్ లగ్జరీ, గరుడ వరసగా చూపిస్తే చాలు, అరగంట గడుస్తుంది. అయితే అక్కడ వాణ్ణి కిందికి దింపొద్దు. బస్సు వెనక్కి వస్తున్నప్పుడు అంత పొట్టివాడు డ్రైవరుకి అద్దంలో కనపడడు. మేం అటు కాకుండా ప్రకాశం బ్యారేజీ మీదుగా ఆటోలో పోయాం. దాని మీదకి లారీల్లాంటి పెద్ద బళ్లని రానివ్వరు. నది మీద రైలు వంతెన అక్కణ్ణుంచి కనబడుతుంది, అదృష్టం బాగుంటే రైలు కూడా.

సీతానగరం వైపు చేరేలోపే వాడు నిద్రపోయాడు. ఆటో ఎక్కగానే చెప్పులు విప్పి సంచిలో వేసుకోండి. లేకపోతే నిద్రలో ఒకటి జారి ఆటోలోనే ఉండిపోతుంది.