స్క్రీను నా వైపు తిప్పిన డాక్టరమ్మ

నడుము నొప్పితో మొన్న ఇక్కడ ఇంగ్లండులో, లెస్టర్‌లో మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. గోడౌన్‌లో రోజంతా పెట్టెలెత్తే పని నాది. మా కావలిలో అయితే నేను చెప్పడం పూర్తయ్యేలోపే చీటీ చేతికొచ్చేది. ఈవిడ నా బీపీ మాత్రల పేర్లడిగి, కంప్యూటర్లో ఏదో తెరిచి చదువుతూ కూర్చున్నారు. డాక్టరై ఉండి ఇంకా చూసి రాయడమేంటని చిరాకేసింది. నా మొహంలో తెలిసిందేమో, స్క్రీను నా వైపు తిప్పారు.

నేను వేసుకునేది లోసార్టాన్, దాంతోపాటు ఒంట్లో నీరు తగ్గించే మాత్ర. వీటి మీద ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పడితే మూడూ కలిసి కిడ్నీలను దెబ్బతీయొచ్చట. "నాకు తెలిసిందే, అయినా రాసే ముందు చూసుకుంటాను" అన్నారు. మాత్ర వద్దని ఫిజియోథెరపీకి రాశారు. ఆవిడ చూసింది బ్రిటిష్ నేషనల్ ఫార్ములరీ, ఏ మందు ఎలా వాడాలో, దేనితో పడదో డాక్టర్లకు చెప్పే పుస్తకం. 1949 నుంచి ఉందట, అచ్చు పుస్తకం ఆరు నెలలకోసారి కొత్తది వస్తుంది.

నాకు నాయన గుర్తొచ్చాడు. మోకాళ్ల నొప్పులకు బీపీ మాత్రతో పాటే ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ మింగాడు. ఎప్పుడో రాసిన చీటీ, అదే చూపించి షాపులో తెచ్చుకునేవాడు. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెరిగి నెల్లూరు తీసుకెళ్లేదాకా ఆ రెండూ కలిపి వేసుకోకూడదని మాకెవరూ చెప్పలేదు.

అలాగని కావలిలో మా డాక్టరుగారిని తప్పు పట్టడానికి నోరు రాదు. ఈవిడకు మనిషికి పది నిమిషాలు. ఆయన గది ముందు పొద్దున్నే అరవై మంది, మధ్యలో బ్యాగులతో మెడికల్ రెప్‌లు. కొత్త మందు సంగతి ఆయన వినేది ఎక్కువగా వాళ్ల నోటే. అమ్ముకునేవాడు మందు గుణం చెప్తాడు, దేనితో పడదో ముందుగా ఎందుకు చెప్తాడు? మనకూ 1960లోనే నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా వచ్చింది. కానీ ఆయన మా ముందు పుస్తకం తెరిచుంటే, ఈయనకేం తెలీదని మేమే ఇంకో డాక్టరు దగ్గరికి పోయేవాళ్లం. ఆ మాట ఒప్పుకోవాలి. అర్ధరాత్రి తలుపు కొడితే లేచొచ్చింది కూడా ఆయనే.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి నాయన మాత్రలన్నీ వీడియోలో చూపించమన్నాను. "ఇప్పుడెందుకు అబ్బయా" అంటూనే కవరు తెచ్చింది. ఏడు రకాలు. రేపు ఆ కవరు డాక్టరుగారి ముందు పెట్టి, "ఒకదానికొకటి పడనివేమైనా ఉన్నాయేమో పుస్తకంలో చూసి చెప్పండి, ఎంతసేపైనా కూర్చుంటాం" అని అడగమన్నాను.