పద్దెనిమిది తీగల నకలు

లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ ఎవరో మావాడు చెప్పేదాకా నాకు తెలియదు. మేముండేది అమెరికాలోని నాష్‌విల్‌లో. గిబ్సన్ గిటార్ల కంపెనీదీ ఈ ఊరే. ఆదివారం గణేశుడి గుడికి వెళ్తే, అటునుంచి అటే గిబ్సన్ షోరూమ్‌కి తీసుకెళ్లమని మా పదహారేళ్లవాడి గొడవ. అక్కడ వాడి చూపంతా ఒక్కదాని మీదే. చెర్రీ ఎరుపు, ఒకే ఒంటికి రెండు మెడలు. పైమెడకి జంటలుగా 12 తీగలు, కిందిమెడకి 6. దాని మోడల్ పేరు ఈడీఎస్-1275.

లెడ్ జెప్లిన్ వాళ్ల ‘స్టెయిర్‌వే టు హెవెన్’ 1971లో వచ్చింది. స్టూడియోలో పేజ్ ఆ పాటకి వేర్వేరు గిటార్లు వాడాడు. స్టేజీ మీద అది కుదరదు, పాట మధ్యలో ఒకటి దించి ఇంకొకటి తగిలించుకునే టైమ్ ఎక్కడిది? అందుకే ఈ రెండు మెడలది. మొదలు కిందిమెడ మీద, నడుమ పైమెడ మీద, సోలోకి మళ్లీ కిందికి.

ఈమధ్య గిబ్సన్ వాళ్లు అతని 1969 నాటి గిటార్‌కి సరిగ్గా 50 నకళ్లు చేశారు. ఒక్కోటి దాదాపు 50 వేల డాలర్లు. పేజ్ సంతకంతో పాటు, పాతబడిన రంగు, అరుగుదల కూడా కావాలని తెప్పించారు. కొత్త వస్తువుని పనిగట్టుకుని పాతది చేయడానికి అంత డబ్బా అని నేను నోరెళ్లబెట్టాను.

మావాడు వేసవి ఉద్యోగం డబ్బుతో కొన్నది మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన చవక నకలు. మెడలో వేసుకుని అరగంట నిలబడితే భుజం పడిపోతుంది. మా తెలుగువాళ్లలో ఎవరు చూసినా ఒకటే మాట: “రెండు మెడలు, ఒకే శరీరం, అచ్చం మన పిల్లల్లాగే!” నాకు ఒళ్లు మండుతుంది. పిల్లవాడు గిటార్ కొనుక్కున్నా అందులో మన బాధే వెతుక్కోవాలా?

నన్ను ఆలోచనలో పడేసింది మెడలు కాదు, నకలు. మీట ఎక్కడుండాలి, బిరడాలు ఏ రకం అని వాడు పాత ఫొటోలు ముందేసుకుని పోల్చుకుంటుంటే నవ్వొచ్చింది. కానీ మా ఇంట్లో జరిగేదీ అదేగా! నేను 2003లో వదిలొచ్చిన విజయనగరాన్ని గీతలతో సహా ఇక్కడ నిలబెట్టాలని చూస్తున్నాను. సంక్రాంతికి ముగ్గు అలాగే ఉండాలి, పెద్దవాళ్లని పలకరించే తీరూ అలాగే. అక్కడున్న మా అన్నయ్య పిల్లలు ఆ తీరు ఎప్పుడో మార్చేశారు. ఫోన్‌లో వాళ్ల తెలుగు విని మావాడే అడిగాడు, “నాన్నా, వాళ్లు మనలా మాట్లాడరేంటి?” అని.

మొన్న మా అమ్మ వచ్చింది. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మనిషి. గిటార్‌ని పైనుంచి కిందికి చూసి, “రెండూ ఒకేసారి వాయించలేవు కదురా, రెండోది దండగ” అంది.

“లేదు నానమ్మా, విను” అని వాడు రెండు మెడలూ పలికేలా మీట మధ్యకి పెట్టి కిందిమెడ మీద ఓ స్వరం మీటాడు. ముట్టుకోకుండానే పైమెడ తీగలు సన్నగా పలికాయి. పేజ్ కూడా ఇలా చేసేవాడట, సితార్‌లో మీటకుండానే మోగే తరపు తీగల్లా మోగుతుందని. 1972లో అతను బొంబాయి వచ్చి మన వాద్యగాళ్లతో రికార్డింగ్ కూడా చేశాడని వాడే చెప్పాడు.

అమ్మ అదేమీ పట్టించుకోలేదు. చెవి దగ్గర పెట్టి మళ్లీ వాయించమంది.

“పలుకుతోంది గానీ, ఆ మూడో జంటలో ఒకటి అపశ్రుతి. ముందు అది సరిచెయ్యి.”

వాడు ఫోన్‌లో ట్యూనర్ తెరిచి చూశాడు. నిజమే. ఆ సాయంత్రం ఫోన్ పక్కనపడేసి, పద్దెనిమిది తీగలూ నానమ్మ చెవితోనే శ్రుతి చేయించుకున్నాడు. ఆవిడ మాత్రం మధ్యమధ్యలో ఇది ఎంతకి కొన్నావో చెప్పమని పట్టు. నాకే చెప్పలేదు, ఆవిడకి చెప్తాడా!