రైలు కావలి దాటలేదు

1994 ఎండాకాలంలో బిట్రగుంటలో పాసింజరెక్కి కావలి పోయి జీడబ్ల్యూ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాణ్ణి. నలుగురికి ఒక కంప్యూటర్. నా మొదటి అర్రే, అంటే నంబర్లేసిన గదుల వరస, మన రైలు స్టేషన్లే: నెల్లూరు, పడుగుపాడు, కావలి, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు. స్టేషన్ల లెక్క ఎన్ = 6. డాట్ మేట్రిక్స్ ప్రింటు తెచ్చి నాన్నకి చూపించా. ఆయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్.

"ఏందబ్బయా, బిట్రగుంట యాడబోయింది?"

నిజమే, సొంతూరే మర్చిపోయా. ప్రోగ్రాంలో అయితే 10కీ 20కీ మధ్య 15 అని కొడితే ఆ లైను దాని చోట్లో అదే కూర్చుంటుంది. లైన్లకి పదేసి నంబర్లు వదిలేది అందుకేగా! అర్రేలో ఆ ఖాళీ ఉండదు. మూడో గదిలో బిట్రగుంట రాస్తే కావలి చెరిగిపోతుంది. అందరినీ ఒక్కో గది వెనక్కి జరపాలి. మర్నాడు ఐని 3 నుంచి ఎన్ దాకా ఒక్కొక్కటి పెంచుతూ తిరిగే లూప్ ఇలా రాశా (ఎస్$(ఐ) అంటే ఐ నంబరు గది):

ఫర్ ఐ = 3 టు ఎన్
ఎస్$(ఐ+1) = ఎస్$(ఐ)
నెక్స్ట్ ఐ

తర్వాత మూడో గదిలో బిట్రగుంట పెట్టి, ఎన్‌కి ఒకటి కలిపా. ప్రింటు చూసి నాన్న పడీపడీ నవ్వాడు. నెల్లూరు, పడుగుపాడు, బిట్రగుంట, కావలి, కావలి, కావలి, కావలి.

"రైలు కావలి దాటదేందిరా? సిగ్నలియ్యలేదా?"

కావలి పోయి నాలుగో గదిలో కూర్చోగానే అక్కడున్న సింగరాయకొండ పోయింది. తర్వాతి చుట్టులో ఐదులోకి వెళ్ళింది కూడా ఆ కావలే. నాన్నకి కోడ్ తెలీదు గానీ రైలుపెట్టెలు జరిపే షంటింగ్ తెలుసు. "నడిమి పెట్టె ఎనక్కి జరగాలంటే ముందు చివరి పెట్టె కదలాల గదా," అన్నాడు.

అంతే. ఫర్ ఐ = ఎన్ టు 3 స్టెప్ -1, అంటే చివర్నుంచి ఒక్కొక్కటి తగ్గుతూ రావడం. ముందు ఒంగోలు ఏడులోకి, తర్వాత టంగుటూరు ఆరులోకి. స్టెప్ -1 మరిస్తే మాత్రం లూప్ ఒక్కసారి కూడా తిరగదు, ఎర్రరూ ఇవ్వదు, కావలి మీద బిట్రగుంట ఎక్కి కూర్చుంటుంది. ఇదీ చేసి చూశాలెండి.

తీసెయ్యడం తేలికే. ఎక్స్‌ప్రెస్ లిస్టులో పడుగుపాడు వద్దనుకుంటే ఈసారి ముందునుంచే: ఫర్ ఐ = 2 టు ఎన్-1, ఎస్$(ఐ) = ఎస్$(ఐ+1). చివర్లో ఎన్ = ఎన్-1 మరిచిపోతే ఒంగోలు రెండుసార్లు వస్తుంది. ఇప్పుడు మా అమ్మాయి పైథాన్‌లో ఇన్సర్ట్ అని ఒక్కమాట రాసి ఊరుకుంటుంది. లోపల జరిగేది ఇదే జరుపుడని చెప్తే వినదు.

నాన్నకి మాత్రం ఊపొచ్చింది. కొడవలూరు పెట్టు, తలమంచి పెట్టు, ఉలవపాడు పెట్టు. పది అయ్యాయి. అల్లూరు రోడ్ పెట్టబోతే 'సబ్‌స్క్రిప్ట్ అవుట్ ఆఫ్ రేంజ్'. ఎన్ని గదులు కావాలో చెప్పే డిమ్ రాయకపోతే బేసిక్ పదో నంబరు దాకానే గదులిస్తుంది. పైన డిమ్ ఎస్$(50) అని రాసి అల్లూరు రోడ్‌ని ఎక్కించి, ఆ ప్రింటు ఇంటికి తెచ్చా.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. కావలి దగ్గర ఆగాడు.

"తెట్టు ఏదిరా?"