పేరు చెప్పే ముందు గడులు లెక్కపెట్టాలి

బి.ఎస్సీ. నర్సింగ్‌లో సీసీయూ (గుండె రోగులను నిరంతరం గమనించే వార్డు) పోస్టింగుకు వెళ్ళేనాటికి ఈసీజీలో కనిపించే గుండె రిథమ్‌ల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. పుస్తకంలోని బొమ్మ చూపిస్తే వెంటనే పేరు చెప్పేదాన్ని. మానిటర్ నుంచి వచ్చిన అసలు స్ట్రిప్, అంటే గుండె విద్యుత్ అలలు అచ్చయిన గళ్ళ కాగితం, చేతికిస్తే మాత్రం అది ఏ బొమ్మను పోలి ఉందో ఊహించడం తప్ప మరేమీ చేతనయ్యేది కాదు.

ఆ ఊహించే అలవాటును వార్డులోని సీనియర్ సిస్టర్ ఒకరు మాన్పించారు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది కాబట్టి చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.20 సెకను అవుతాయి. లయ సమంగా ఉంటే, పక్కపక్కనున్న రెండు ఆర్ శిఖరాల (ప్రతి స్పందనలో పొడవుగా లేచే మొనల) మధ్యనున్న పెద్ద గడుల సంఖ్యతో 300ను భాగిస్తే నిమిషానికి ఎన్ని స్పందనలో తెలుస్తుంది. లయ క్రమం తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ స్ట్రిప్ మీద కూడా నేను ఇదే లెక్క వేసి, ఒక చోట 75, మరో చోట 150 అని తెచ్చాను. లయ తప్పినప్పుడు 6 సెకన్లలో, అంటే 30 పెద్ద గడులలో, గుండె కింది గదులైన జఠరికల స్పందనను చూపే క్యూఆర్ఎస్‌లను లెక్కపెట్టి 10తో హెచ్చించాలని ఆ రోజు నిజంగా అర్థమైంది.

ఒక ఉదయం అలారం మోగింది. తెర మీద వెడల్పాటి అలలు చూసి ప్రాణాంతకం కాగల వేగపు లయ వెంట్రిక్యులర్ టాకీకార్డియా అని కేక వేస్తూ పరుగెత్తాను. పేషెంటు కూర్చుని పళ్ళు తోముకుంటున్నారు. సిస్టర్ ఆయన నాడి పట్టుకుని చూసి, తర్వాత ఆ స్ట్రిప్ వెంట తెల్లకాగితం అంచును ఆనించి, ఆర్ శిఖరాల దగ్గర పెన్సిల్‌తో గుర్తులు పెట్టి జరిపారు. ఆ అలజడి లోపల కూడా అసలు క్యూఆర్ఎస్‌లు సమదూరంలోనే ఉన్నాయి. చేతి కదలిక వాటిని కప్పేసింది, అంతే.

ఆ కాగితపు అంచే మరో వారంలో నాకు అక్కరకొచ్చింది. ఒక పెద్దావిడ స్ట్రిప్‌లో అక్కడక్కడ ఒక స్పందన లోపించింది. గుండె పై గదులైన కర్ణికల సంకేతాన్ని చూపే పీ అలలకు గుర్తులు పెడితే అవి క్రమంగానే ఉన్నాయి, కాని పీ అల మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు వరకు ఉండే పీఆర్ ఇంటర్వెల్ 5 చిన్న గడుల నుంచి 7కు, ఆపై 8కి పెరిగి, తర్వాతి పీ అల వెనుక క్యూఆర్ఎస్ రాలేదు. కర్ణికల సంకేతాన్ని జఠరికలకు అందించే ఏవీ నోడ్ ప్రతిసారీ మరికాస్త ఆలస్యం చేసి, చివరికి ఒక సంకేతాన్ని ఆపివేస్తోంది. డచ్ వైద్యుడు వెంకెబాక్ దీన్ని 1899లో, ఐంథోవెన్ ఈసీజీ యంత్రం రాకమునుపే, నాడి నమోదుల ఆధారంగా వర్ణించారన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

సిస్టర్ నా కొలతలను మళ్ళీ సరిచూసి, “ఆవిడకు కళ్ళు తిరుగుతున్నాయేమో అడిగావా అమ్మా?” అన్నారు. అడగలేదు. వెంటనే వెళ్ళి అడిగి, బీపీ చూసి వచ్చాను. డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు సిస్టర్ ఆ రిథమ్ పేరుతో పాటు ఆ బీపీని, ఏవీ నోడ్‌ను మరింత నెమ్మదింపజేసే మెటోప్రోలాల్ మాత్ర ఉదయం ఇచ్చిన సమయాన్ని కూడా చెప్పారు. డాక్టరు వచ్చి చూసేవరకు రాత్రి మోతాదును ఆపి ఉంచారు.