ఏప్రిల్ బిల్లు పెరిగిందా? ముందు కాంట్రాక్ట్ సమ్మరీ తీయండి

ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే మా యూకే తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ స్క్రీన్‌షాట్ పెడతారు. "అన్నా, రెండేళ్ల కాంట్రాక్ట్ కదా, మధ్యలో రేటెలా పెంచుతారు?" అని అడుగుతారు. కింద సగం మంది "ఇక్కడ అంతే బ్రో, కట్టేయ్" అంటారు, మిగతా సగం "డైరెక్ట్ డెబిట్ ఆపేయ్, వాళ్లే దిగొస్తారు" అంటారు. రెండూ తప్పుడు సలహాలే, రెండోదైతే, అంటే బ్యాంకు నుంచి నెలనెలా బిల్లు దానంతట అదే వెళ్లే ఏర్పాటు ఆపేయడమైతే, ప్రమాదం కూడా. అందుకే ప్రతిసారీ గ్రూపులో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు నాకు తెలిసినదంతా ఒక్కచోట రాసి పెడుతున్నాను.

హైదరాబాద్‌లో నెట్ కనెక్షన్‌కి మనకు అలవాటైన పద్ధతి వేరు. మూడు నెలలకో ఏడాదికో ముందే డబ్బు కట్టేస్తాం, ఆ గడువు అయ్యేదాకా రేటు మాట ఎవరూ ఎత్తరు, నచ్చకపోతే మళ్లీ రీచార్జ్ చేయం, అక్కడితో సరి. ఇక్కడ 18 నెలలకో 24 నెలలకో ఒప్పందం రాయించుకుంటారు, మధ్యలో మనం వదిలేస్తే మిగిలిన నెలలకు ఎగ్జిట్ ఫీజు అడుగుతారు, రేటు మాత్రం వాళ్లు ఏటా పెంచుకుంటూ పోతారు. మనకేమో గడువు నిండేదాకా కాలు కదపడానికి లేదు, వాళ్లకేమో ధర మార్చుకునే వీలుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఒళ్లు మండుతుందంటే మండదా మరి! నాకు ఇప్పటికీ మండుతుంది. కానీ "ఇది అన్యాయం" అని కస్టమర్ కేర్‌తో గంటసేపు వాదించినా బిల్లులో ఒక్క పెన్నీ తగ్గదు. అక్కడ పనికొచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ పెంపు నేను ఒప్పుకున్న కాగితంలో ఉందా, ఉంటే ఇంతే ఉందా, ఈ తేదీకే ఉందా?

ఈ ప్రశ్నకు అసలు బలం వచ్చింది 2025 జనవరి 17 నుంచి. అంతకు ముందు చాలా కంపెనీల కాంట్రాక్టుల్లో "ఏటా ద్రవ్యోల్బణం ప్లస్ 3.9 శాతం" లాంటి వాక్యం ఉండేది. సంతకం పెట్టే రోజున అది ఎంతవుతుందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. 2022 డిసెంబరులో ఇక్కడ ద్రవ్యోల్బణం 10.5 శాతం ఉంది, దానికి 3.9 కలిపి 2023 వసంతంలో చాలామందికి ఏకంగా 14.4 శాతం పెంచారు. జీతాలు అంత పెరగలేదు, కరెంటు బిల్లు అప్పటికే చుక్కలు చూపిస్తోంది, పైన ఇదొకటి. ఆ గొడవంతా అయ్యాకే ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2024 జూలైలో కొత్త నియమం ప్రకటించింది. 2025 జనవరి 17 నుంచి చేసే కొత్త కాంట్రాక్టుల్లో శాతాల లెక్క, ద్రవ్యోల్బణం లెక్క ఉండకూడదు. మధ్యలో పెంచే ఉద్దేశం ఉంటే ఎన్ని పౌండ్లు, ఎన్ని పెన్నీలు, ఎప్పటి నుంచి అనేది కాంట్రాక్ట్ కుదరక ముందే స్పష్టంగా చెప్పాలి. ఆ తేదీకి ముందు సంతకం పెట్టినవాళ్లకు మాత్రం పాత లెక్కే.

పెంచకూడదని మాత్రం ఆఫ్‌కామ్ ఎక్కడా అనలేదు, ఎంత పెంచుతారో ముందే చెప్పి పెంచమంది. అందుకని కంపెనీలు శాతం తీసేసి స్థిరమైన మొత్తం పెట్టడం మొదలుపెట్టాయి. బీటీ అనే పెద్ద టెలికాం కంపెనీ మొదట్లో బ్రాడ్‌బ్యాండ్ నెల బిల్లు ఏటా 3 పౌండ్లు పెంచుతామని ప్రకటించింది. వినడానికి చిన్నదే. కానీ అదే మొత్తం చౌక ప్లాన్‌కీ ఖరీదైన ప్లాన్‌కీ ఒకేలా పడుతుంది చూడండి, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అదే. నెల బిల్లుని ఏటా 4 పౌండ్లు పెంచే కంపెనీ అనుకుందాం. నెలకు 60 పౌండ్ల గిగాబిట్ ప్లాన్ ఉన్నవాళ్లకు అది 7 శాతం లోపే. 25 పౌండ్ల ప్లాన్‌తో నెట్టుకొస్తున్న స్టూడెంట్‌కి 16 శాతం, అంటే అంతమంది మొత్తుకున్న 2023 పెంపు కన్నా ఎక్కువ. డబ్బు తక్కువ ఉన్నవాడి మీదే బరువు ఎక్కువ పడే పద్ధతికి పారదర్శకత అని పేరు పెడితే నేను ఒప్పుకోను.

ఎప్పుడు చేరామన్నదాన్ని బట్టి కూడా చాలా తేడా వస్తుంది, దీన్ని ఎవరూ చెప్పరు. అదే 25 పౌండ్ల ప్లాన్, ప్రతి ఏప్రిల్ బిల్లులో 4 పౌండ్ల పెంపు, 24 నెలలు. ఫిబ్రవరిలో చేరితే రెండు నెలలు 25, తర్వాత పన్నెండు నెలలు 29, చివరి పది నెలలు 33, మొత్తం 728 పౌండ్లు. మేలో చేరితే పదకొండు నెలలు 25, పన్నెండు నెలలు 29, ఒక్క నెల 33, మొత్తం 656. ప్లాన్ అదే, స్పీడ్ అదే, తేడా 72 పౌండ్లు. కొన్ని కాంట్రాక్టుల్లో మొదటి పెంపు మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి అని ఉంటుంది, కాబట్టి చేరే ముందు ఆ ఒక్క లైను వెతికి చదవండి.

నా గొడవ సరిగ్గా ఆ లైను దగ్గరే వచ్చింది. కంపెనీ పేరు ఎందుకులెండి. చలికాలంలో చేరాను, ఏప్రిల్ బిల్లు పెరిగి వచ్చింది. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా "ఏప్రిల్‌లో కస్టమర్లందరికీ పెరుగుతుందండీ" అన్న మాటే తిప్పి తిప్పి చెప్పింది. నా దగ్గర చేరేటప్పుడు వచ్చిన కాంట్రాక్ట్ సమ్మరీ ఉంది. కాంట్రాక్ట్ కుదిరే ముందు ఇది కచ్చితంగా ఇవ్వాలి. చిన్న పీడీఎఫ్, అందులో ధర అనే భాగంలో నెలకు ఇంత, ఫలానా సంవత్సరం ఏప్రిల్ నుంచి ఇంత అని వరుసగా ఉంటుంది. నాదాంట్లో మొదటి పెంపు మరుసటి ఏడాదికి ఉంది. ఇక ఫోన్‌లో వాదన ఆపేసి, "దీన్ని ఫార్మల్ కంప్లెయింట్‌గా నమోదు చేసి రిఫరెన్స్ నంబరు ఇవ్వండి" అని అడిగాను. ఆ పేజీ, బిల్లు పేజీ పక్కపక్కన పెట్టి, సమ్మరీలో ఉన్న మొత్తం ఇది, మీరు తీసుకున్నది ఇది, తేడా వెనక్కి ఇచ్చి బిల్లు సరిచేయండి అని నాలుగు లైన్లు రాశాను. కోపం, బాధ, ఎన్నేళ్ల కస్టమర్‌నో ఏమీ రాయలేదు. డబ్బు వెనక్కి వచ్చింది, బిల్లు సరైంది. ఫోన్‌లో అసలు వినపడని మాట కాగితం మీద పెట్టేసరికి వినపడింది.

కాగితంలో ఉన్నదానికన్నా ఎక్కువ పెంచితే మన చేయి ఇంకా పైన ఉంటుంది. మనకు నష్టం కలిగేలా కాంట్రాక్ట్ మారిస్తే కంపెనీ కనీసం నెల ముందు తెలియజేయాలి, ఎగ్జిట్ ఫీజు లేకుండా వెళ్లిపోయే హక్కు ఇవ్వాలి. 2025 అక్టోబరులో ఓటూ అనే కంపెనీ తన మొబైల్ కస్టమర్లకు నెల బిల్లు మీద ఏటా 1.80 పౌండ్లు అని చెప్పిన పెంపును 2.50 చేస్తామంది. అది నియమాల స్ఫూర్తికి విరుద్ధమని ఆఫ్‌కామ్ పైకే చెప్పింది. కానీ ఆపలేకపోయింది, ఎందుకంటే ఇష్టం లేనివాళ్లు 30 రోజుల్లో వెళ్లిపోవచ్చని కంపెనీ చెప్పేసింది. అలాంటి మెయిల్ వచ్చినప్పుడు ప్రమోషన్ అనుకుని పక్కన పడేయకండి, ఆ గడువు దాటితే మీరు ఒప్పుకున్నట్టే లెక్క.

షాపులోనో ఫోన్‌లోనో "రెండేళ్లూ ఇదే రేటు" అని చెప్పి అమ్మి, కాగితంలో పెంపు రాసి ఉంటే? ఇది కష్టమైన కేసు. లెస్టర్‌లో ఉండే మా ఫ్రెండ్ తమ్ముడికి షాపులో అలాగే చెప్పారు, సాక్ష్యం లేదు, సమ్మరీలో పౌండ్లతో సహా ఉంది, ఏమీ చేయలేకపోయాం. ఫోన్‌లో అమ్మి ఉంటే మాత్రం ఒక దారి ఉంది. ఆ కాల్ రికార్డింగ్ ఇమ్మని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టొచ్చు, అంటే కంపెనీ దగ్గర మన గురించి ఉన్న సమాచారం మనకిమ్మని అడగడం, డబ్బు కట్టక్కర్లేదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. అలా అడిగామన్న సంగతే కంప్లెయింట్ చూసేవాళ్ల ధోరణి కొంత మారుస్తుంది. ఇంకా మంచి మార్గం, ఫోన్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ తీసుకున్నవాళ్లకు 14 రోజుల కూలింగ్ ఆఫ్, అంటే మనసు మారితే రద్దు చేసుకునే గడువు ఉంటుంది, ఆ రోజుల్లోనే కూర్చుని సమ్మరీ చదివేయడం.

కంపెనీ నాన్చుతూ పోతే డెడ్‌లాక్ లెటర్ అడగండి, అంటే "ఇంతకు మించి మేం చేసేది లేదు" అని వాళ్లు రాసి ఇచ్చే ఉత్తరం. అది రాగానే కమ్యూనికేషన్స్ అంబుడ్స్‌మన్‌కో సీఐఎస్ఏఎస్‌కో వెళ్లొచ్చు, రెండూ కస్టమర్లకీ టెలికాం కంపెనీలకీ మధ్య తగాదాలు తీర్చే సంస్థలు, మీ కంపెనీ ఈ రెండింట్లో దేని కిందకి వస్తే దానికి. ఉచితం, లాయరు అక్కర్లేదు. వాళ్లు ఇచ్చిన తీర్పు మీరు ఒప్పుకుంటే కంపెనీ పాటించి తీరాలి, మీకు నచ్చకపోతే మీరు కట్టుబడక్కర్లేదు. మనవాళ్లు చాలామంది "వీసా మీద ఉన్నాం, ఎందుకొచ్చిన టెన్షన్" అని ఇక్కడే ఆగిపోతారు. ఇది కోర్టు కాదు, పోలీసు కేసు కాదు, వీసాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

డైరెక్ట్ డెబిట్ సంగతి. దయచేసి ఆపకండి. కట్టని బిల్లు క్రెడిట్ ఫైల్‌లోకి, అంటే మనం బాకీలు ఎలా కడుతున్నామో చూపే రికార్డులోకి ఎక్కుతుంది, తర్వాత ఇల్లు అద్దెకు అడిగినప్పుడో, ఫోన్ కాంట్రాక్ట్‌కి వెళ్లినప్పుడో, మార్ట్‌గేజ్ దగ్గరో అది ఎదురొస్తుంది. గొడవ నడుస్తున్నా కడుతూ ఉండండి, తేలాక తేడా వెనక్కి వస్తుంది. నలుగురైదుగురు కలిసి ఉండే ఇళ్లలో ఇంకో సంగతి, కాంట్రాక్ట్ ఎవరి పేరు మీద ఉంటే అప్పు వాళ్లదే. కోర్సు అయిపోయి ఆ అబ్బాయి ఇల్లు మారినా, ఇండియా వెళ్లిపోయినా అంతే. కాబట్టి ఏడాదికి మించి ఉంటామో లేదో తెలియని ఇంట్లో 24 నెలలది తీసుకోకండి, కాస్త ఎక్కువైనా నెలవారీ ప్లాన్ చూసుకోండి.

కాంట్రాక్ట్ అయిపోవడానికి 10 నుంచి 40 రోజుల ముందు కంపెనీ మీకు నోటీసు పంపాలి, గడువు ఎప్పుడు అయిపోతుందో, ఆ తర్వాత ధర ఎంతవుతుందో అందులో ఉంటుంది. ఆ రోజే వేరే కంపెనీల రేట్లు చూడండి. 2024 సెప్టెంబరు నుంచి వన్ టచ్ స్విచ్ వచ్చింది, కొత్త కంపెనీకి చెబితే చాలు, పాతదాన్ని వాళ్లే ఆపిస్తారు, మీరు ఫోన్ చేసి బతిమాలుకోవాల్సిన పని లేదు. మీ సమ్మరీలో పెంపు లైను అర్థం కాకపోతే, పేరు, అకౌంట్ నంబరు చెరిపేసి కామెంట్‌లో పెట్టండి, నేను చదివి చెబుతాను.