గంధపు సాన, కొలువులోని స్తంభం

మా పూజగదిలో అరచేతి వెడల్పున ఒక గంధపు సాన ఉంది. మా అత్తగారు కాపురానికి వస్తూ తెచ్చుకున్నది. ఎన్నేళ్లుగా దాని మీద గంధపు చెక్క తిరిగిందో, నడుమ చిన్న పళ్లెంలా గుంట పడింది. చెక్క రాతిని అరగదీసిందంటే నమ్మబుద్ధి కాదు. వేలు పెట్టి చూస్తే మాత్రం ఆ నునుపు తెలుస్తుంది.

ఏటా అక్షయ తృతీయ నాడు తెల్లవారకముందే ఆ సాన బయటికి వస్తుంది. ఇంట్లో వరాహ నరసింహస్వామి పటానికి గంధం పెట్టి, తర్వాతే ఆ స్వామి కొండ సింహాచలానికి బయలుదేరతాం. కొత్తలో నేను బలమంతా ఉపయోగించి రుద్దేదాన్ని. "నొక్కకమ్మా, ఊరికే తిప్పు. రాయి పని రాయి చేసుకుంటుంది" అనేవారు అత్తగారు. నీళ్లు ఒక్క చుక్క. మొదటి పది తిప్పులకు గరగరమనే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ తర్వాత నీరు పాలలా తెల్లబడుతుంది, చిక్కబడుతుంది, చప్పుడు మెత్తబడుతుంది. అప్పుడు లేస్తుంది పరిమళం. అంతవరకూ ముక్కు దగ్గర పెట్టుకున్నా అంతంతమాత్రంగా ఉన్న కట్టెముక్క, చుక్క నీటితో గది మొత్తాన్ని నింపేస్తుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే.

ఆ చెట్టు సంగతి తెలిశాక ఆశ్చర్యం ఇంకా పెరిగింది. పచ్చగా నిలబడిన చందన వృక్షం వాసన వేయదు. పైచెక్కలోనూ వాసన ఉండదు. నడుమ చేవ కట్టాలి, దానికి ఏళ్లు పట్టాలి. ఆ చెట్టు తన వేళ్లతో పక్క మొక్కల వేళ్లను పట్టుకుని కొంత ఆహారం వాటి నుంచే తీసుకుంటుంది. ఎవరెవరి చలువతోనో పెరిగి, లోలోపల సువాసన దాచుకుంటుంది. నా చేతిలోని బెత్తెడు చెక్క వెనుక ఇంత కథ ఉంది.

గంధం తీస్తూ నేను మనసులో చదువుకునే శ్లోకం భాగవతం సప్తమ స్కంధంలోది, నృసింహావతార ఘట్టంలోది:

సత్యం విధాతుం నిజభృత్యభాషితం
వ్యాప్తిం చ భూతేష్వఖిలేషు చాత్మనః
అదృశ్యతాత్యద్భుతరూపముద్వహన్
స్తంభే సభాయాం న మృగం న మానుషమ్

తన సేవకుడి మాట నిజం చేయడానికి, తాను అన్నింటా ఉన్నానని చూపడానికి, మృగమూ మనిషీ కాని అత్యద్భుత రూపంతో సభలోని స్తంభంలో కనిపించాడు. ఇందులో 'అదృశ్యత' అన్న మాట దగ్గర చాలాకాలం నేను పొరబడ్డాను. మన చెవికి అది 'అదృశ్యం'లా వినిపిస్తుంది, మాయమయ్యాడేమో అనిపిస్తుంది. సంస్కృతంలో దాని అర్థం సరిగ్గా దానికి ఎదురు: కనిపించాడు. పుట్టాడని అనలేదు, వచ్చాడనీ అనలేదు. కనిపించాడు, అంతే. అంటే అంతకుముందు కూడా అక్కడే ఉన్నాడు. హిరణ్యకశిపుడు రోజూ కొలువు తీరి చూసిన స్తంభంలోనే.

పోతనగారి ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన జాబితా మన విశాఖ వాళ్లకు మరీ దగ్గరగా ఉంటుంది. 'కలఁడంభోధి' అని సముద్రంతో మొదలుపెట్టాడు. గాలి, ఆకాశం, భూమి, అగ్ని, దిక్కులు, పగళ్లు, రాత్రులు. అన్నీ పెద్దవే, చూడగానే చేతులు జోడించాలనిపించేవే. అందులో స్తంభం లేదు. స్తంభాన్ని చూపించింది తండ్రి. ఇంత మామూలు వస్తువులో ఎలా ఉంటాడని హేళనగా అడిగి, పిడికిలితో గుద్దాడు. స్వామి సముద్రంలోంచి రాలేదు, ఆకాశంలోంచి దిగలేదు. ఆ హేళన చేసిన వస్తువులోనే కనిపించాడు. ఈ ఘట్టంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

సింహాచలంలో ముఖమండపంలో కప్పస్తంభం ఉంది. భక్తులు దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని కోరికలు చెప్పుకుంటారు, సంతానం కోసం మొక్కుకుంటారు. అక్కడ నిలబడినప్పుడల్లా ఆ రాక్షసరాజు పిడికిలి గుర్తొస్తుంది. అక్కడా స్తంభమే, ఇక్కడా స్తంభమే. తాకే చేయి వేరు.

ఇక కొండ మీది గంధం. మా ఇంట్లో నేను తీసేది గోరంత. అక్కడ బేడా మండపంలో రోజుల తరబడి సానల మీద చెక్కలు అరగదీస్తారు. అక్షయ తృతీయకే జరిగే చందనోత్సవం నాడు స్వామి ఏడాదిపాటు కప్పుకున్న చందనం తొలగించి నిజరూప దర్శనం ఇప్పిస్తారు. ఆ రాత్రి సహస్ర ఘటాభిషేకం అయ్యాక మూడు మణుగుల గంధం, అంటే సుమారు 125 కిలోలు, మళ్లీ సమర్పిస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి మణుగులు. మొత్తం పన్నెండు మణుగులు. మిగతా రోజులన్నీ మనం చూసేది లింగంలాంటి ఆ చందనపు ముద్దనే.

నా చేతి కింద తనలోని పరిమళాన్ని బయటపెట్టే గంధమే, కొండ మీద స్వామి రూపాన్ని దాచిపెడుతుంది. దాచినా ఆయన అక్కడే ఉన్నాడన్న నమ్మకంతోనే కదా ఏడాది పొడవునా మెట్లెక్కుతున్నాం! ఆ ఒక్కరోజూ ఆయన కొత్తగా రాడు. 'అదృశ్యత', కనిపిస్తాడు.

పోయినసారి గంటల తరబడి క్యూలో నిలబడ్డాక దక్కింది నాలుగైదు క్షణాలు. దీపాల వెలుగులో వరాహ వదనం, తడితో మెరిసే నల్లని రాయి. "నడవండి, నడవండి" అంటుండగానే బయటికి వచ్చేశాను. చేతులు జోడించానో లేదో కూడా గుర్తులేదు. గాలిగోపురం దాటాక ముఖం తుడుచుకోబోతే, వేళ్లకు పొద్దుటి గంధం ఇంకా అంటుకునే ఉంది.

ఇంటికి వచ్చేసరికి సాన ఆరిపోయి ఉంది. గుంటలో సన్నని తెల్లటి పొర మిగిలింది. కడుగుదామని తీసుకుని, కడగకుండా తడివేలితో ఒకసారి రాశాను. మళ్లీ లేచింది పరిమళం.